కూర్చోలేని కోటు

వీపు పక్కల కుట్లు విప్పడం సగమైంది. తోమాసు దారపు ముక్కల్ని నోటితో ఊది, కోటును కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు. యాభై ఏళ్ల కింద తానే కుట్టినది. బూడిదరంగు టెరికాట్ గుడ్డ, సన్నటి కాలరు, రెండే గుండీలు. అస్తరు లోపల ఎడమ పక్కన ఎవరికీ కనబడని జేబు. ఆ జేబు పిస్తోలుకు.

పిస్తోలంటే నిజంది కాదు లెండి. బొగ్గుబాయిలో పైకప్పుకు ఆసరాగా నిలబెట్టే కర్ర ముక్కను చెక్కి, ఈ కోటు కుట్టించుకున్న స్నేహితుడు జేమ్స్ చేసుకున్నది. పెళ్లినాడు దాన్ని ఆ జేబులో పెట్టుకుని, ఫొటో తీసేటప్పుడు ఒక చెయ్యి లోపలికి దూర్చి కనుబొమ్మ ఎగరేశాడు.

అంతా ఆ గూఢచారి సినిమా పుణ్యం. బెల్లంపల్లి టాకీసుకు వచ్చిన ఇంగ్లీషు బొమ్మ. మాట ఒక్కటి అర్థం కాకపోయినా, బాయి దిగే కుర్రాళ్లంతా హీరో కోటు చూసి పిచ్చెత్తిపోయారు. తోమాసు ముందు వరుసలో కూర్చుని భుజం ఎక్కడ తేలుతుందో, నడుం ఎక్కడ పడుతుందో కంటితోనే కొలుచుకున్నాడు. అన్నీ దొరికాయి, ఒక్క వీపు తప్ప. ఊరూరా తిరిగి అరిగిన రీలు. హీరో అటు తిరగబోయేసరికల్లా తెర మీద గీతలు పడి, బొమ్మ ఎగిరి ఇంకో సీనులో పడేది. ఎన్నిసార్లు వెళ్లినా వీపు చూపించలేదు మహానుభావుడు. చేసేదిలేక తోమాసు తన ఊహ కొద్దీ వీపు మొత్తం ఒకే పలకగా కుట్టేశాడు.

ఆ కోటు వేసుకుని నిలబడితే దొరబిడ్డే. కూర్చుంటే మాత్రం వీపు గోనెసంచిలా లేచి మెడకెక్కేది. అందుకే ఆ కాలపు బెల్లంపల్లి పెళ్లి ఫొటోల్లో పిల్ల కుర్చీలో ఉంటుంది, పిల్లగాడు పక్కన నిలబడి ఉంటాడు. అదే ఫ్యాషన్ అనుకున్నారు జనం. మంథని నుంచి కూడా బస్సెక్కి వచ్చి అలాగే కుట్టించుకుపోయారు.

మొన్న కొడుకు నరేశ్ ఆ సినిమాను ఫోనులో పెట్టి చూపించాడు. హీరో వెనక్కి తిరిగాడు. కోటు అడుగున రెండు పక్కలా రెండు చీలికలు! కుర్చీలో కూర్చోగానే గుడ్డ విడిపోయి హాయిగా పక్కలకు జారింది. ఆ పూట తోమాసుకు అన్నం సయించలేదు. అయ్యో, ఎంతమందిని వాళ్ల పెళ్లిలో వాళ్లనే నిలబెట్టి చంపాను అనుకున్నాడు.

మిగతా కోట్లు ఏ ట్రంకుల్లో మగ్గుతున్నాయో. జేమ్స్‌ది మాత్రం ఉంది. ఆదివారం చర్చిలో అతని పెళ్లికి యాభై ఏళ్లు నిండిన కృతజ్ఞతా ప్రార్థన. ఆ కోటే తొడుక్కుంటానని మంకుపట్టు పట్టాడు. బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆరాధన అయ్యేదాకా నిలబడలేడు, ఆ కోటుతో కూర్చోలేడు. అందుకే తోమాసు పొద్దున్నుంచీ జీన్సు ప్యాంట్ల అంచులూ బడి నిక్కర్ల జిప్పులూ పక్కన పడేసి దీని మీదే ఉన్నాడు.

మధ్యాహ్నం నరేశ్ తన ఆటోలో జేమ్స్‌నూ, అతని భార్య మహిమనూ తీసుకొచ్చి దింపాడు.

"ఏం బావా, బతికున్నవా?" అన్నాడు జేమ్స్ గడపలోనే రొప్పుతూ.

"నీ కోటు అయ్యేదాంక నాకు సావు లేదు గని, ఇటు మర్రు."

తోమాసు కోటు తొడిగాడు. జేమ్స్ వెంట తెచ్చుకున్న కర్ర పిస్తోలును లోపలి జేబులో దూర్చుకున్నాడు. తోమాసు వదులైన చోటల్లా గుండుసూదులు పెట్టాడు. పాత స్టూలును కాలితో ముందుకు తోశాడు.

"కూసో."

జేమ్స్ బెదురుగా చూశాడు. "గీ కోటు మీదనా?"

"కూసోమంటున్న గదరా!"

జేమ్స్ మెల్లగా వంగాడు. లోపలి జేబులో పిస్తోలు పక్కటెముకకు గుచ్చుకుంటే తీసి బల్ల మీద పెట్టి, కూర్చున్నాడు. గుడ్డ రెండు వైపులా విడిపోయి ఒద్దికగా కిందికి దిగింది. కాలరు మెడ దగ్గర కదల్లేదు. జేమ్స్ చేత్తో వెనక తడుముకున్నాడు.

"ఏం జేసినవ్‌రా?"

"గప్పుడే జెయ్యాల్సింది. ఎరుక లేక జెయ్యలే."

"పెండ్లి బువ్వ గూడ నిలవడే తిన్నడు అన్నా," అంది మహిమ నవ్వుతూ. "నా పక్కన కూసోమంటె, ఫ్యాషన్ పోతదన్నడు."

"అయితారం నీ పక్కన్నే కూసుంట తియ్యి," అన్నాడు జేమ్స్.

మహిమ నవ్వు ఆపేసి కొంగుతో కళ్లొత్తుకుంది. తోమాసుకు ఎంత సంతోషమైందో చెప్పలేం. ముగ్గురికీ చాయ్ తెప్పించాడు. కుట్లు బిగించి, ఇస్త్రీ చేసి, రేపు తానే తెచ్చిస్తానని వాళ్లను సాగనంపాడు.

పొద్దుగూకే వేళకు చివరి గుండీ కుడుతుంటే బయట ఆటో ఆగింది. నరేశ్ లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"బాపు, జేమ్స్ మామ పోయిండు. ఇంటికాడ చాయ్ తాగి కుర్సీల ఒరిగిండట. మల్ల లెవ్వలే."

తోమాసు దారం ముడి వేసి తెంపాడు. కోటును ఇస్త్రీ చేశాడు, మడత పెట్టకుండా రెండు చేతుల మీద వేసుకుని ఆటో ఎక్కాడు.

వాళ్ల సంఘంలో పోయినవాళ్లకు కోటు తొడగాలంటే ఒక పద్ధతుంది. వీపును కాలరు నుంచి అంచు దాకా నిలువునా కోసి, ముందు నుంచి చేతులు దూర్చి, కోసిన అంచుల్ని ఒంటి కిందికి దోపుతారు. ఇన్నేళ్లుగా ఆ కోత కోసేది తోమాసే.

"గదే కోటు తొడుగుదం అన్నా," అంది మహిమ. "కత్తెర తెచ్చినవా?"

"తేలే. దీనికి నేను కత్తెర పెట్ట."

నరేశ్ వెనక నుంచి భుజాలు లేపి పట్టాడు. తోమాసు ట్రయల్ వేసేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు. "చెయ్యియ్యి జేమ్స్. జర వంగు. ఇగో, అయిపాయె." వీపు కిందికి చెయ్యి పోనిచ్చి ఆ రెండు చీలికల్నీ ముడత లేకుండా సర్దాడు. పండుకోబెట్టిన మనిషి వీపు ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు.

మహిమ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "పక్కన కూసుంటనన్నడు," అని ఏడ్చింది. తోమాసు కూడా ఏడ్చాడు.

మట్టి చేసి వచ్చిన మరునాడు తోమాసు దుకాణం తెరిచి, జీన్సు ప్యాంటు పరచడానికి బల్ల మీది గుడ్డ పేలికల్ని పక్కకు నెట్టాడు. సుద్ద ముక్క పక్కన కర్ర పిస్తోలు పడి ఉంది, చేతి చెమటకు నల్లబడి, బొటనవేలు ఆనే చోట నున్నగా గుంటపడి.