కుదుపు లేని దారి

పాలబండి డ్రైవరు ఆ ఉదయం క్యాన్లు ఎక్కించుకోకుండానే కిందికి దిగాడు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బండి పొట్ట కిందికి తొంగిచూశాడు. నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసుకుని లేచాడు. ఎదురుగా ఆడమనిషి నిలబడి ఉంది మరి.

"కమాను పట్టీ మళ్లీ విరిగిందక్కా. మీ దారి నా బండిని నమిలి మింగుతోంది."

ఆమె ఆ ఇంటి కోడలు. పాలు పితకడం, క్యాన్లు కడగడం, బండి వచ్చేసరికి వాటిని గేటు దగ్గరికి చేర్చడం ఆమె పని. "మా దారేంటి తమ్ముడూ, మండలి వాళ్ల దారి. వాళ్లకి చెప్పు," అంది నవ్వుతూ.

"ఎవరిదైతేనేం, విరిగేది నా బండి నడుమే కదా. ఈసారి వేళాకోళం కాదక్కా. మా ఓనరు తెగేసి చెప్పాడు. వానలు మొదలయ్యేలోపు దారి బాగుపడకపోతే బండిని పెద్ద రోడ్డు మీదే ఆపెయ్యమన్నాడు. పాలు మీరే అక్కడికి మోసుకురావాలి."

ఆమె నవ్వు ముఖం మీదే ఆరిపోయింది.

పెద్ద రోడ్డు నుంచి ఆ దారి చేల గట్ల వెంట వంకర్లు తిరిగి, ఒక తూము దాటి, వాళ్ల ఇంటి దగ్గర ఆగిపోతుంది. వాళ్లదే చివరి ఇల్లు. ఎప్పుడో వేసిన కంకర ఎటు పోయిందో పోయింది. మిగిలింది చక్రాల గాడులూ, వాటి మధ్య గుంతలూ. పాలు తోపుడుబండి మీద పెట్టుకుని అంత దూరం తోసుకెళ్లేసరికి ఎండెక్కుతుంది. ఎండెక్కిన పాలు పాలకేంద్రం వాళ్లు ముట్టుకోరు. వాళ్ల నేలలో గడ్డి తప్ప మరేదీ సరిగ్గా మొలవదు. ఆ గడ్డి ఆవులకు, ఆ ఆవుల పాలు ఇంటికి. బండి రాకపోతే ఆవులుండవు. ఆవులు లేకపోతే ఏముంటుందో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆమె భర్త మండలి ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. వెళ్లినప్పుడల్లా ఒకే జవాబు, చూస్తాం అని. అలాంటిది ఒకరోజు పక్కచేను ఆయన, ఊరంతా రేడియో అని పిలిచే మనిషి, గట్టు మీద నుంచే ఆమె మామగారిని కేకేస్తూ వచ్చాడు.

"బావా! నీ పంట పండింది. మండలి వాళ్లు ఈ ఏడు రైతుల దారులకి కంకర ఇస్తున్నారంట. రోలరు కూడా వాళ్లదేనంట. రోడ్ల ఇంజనీరు తనే వచ్చి ఒక్కో దారీ చూసి, ఏది అధ్వానంగా ఉంటే దానికి ముందు రాస్తాడంట. గురువారం మన వంతు."

"నీకెవరు చెప్పారు?" అన్నాడు మామగారు పలుపు పేనుతూ.

"నాకు ఒకళ్లు చెప్పాలా? నా చెవులున్నాయి చూడు, ఇవి ఆఫీసు గోడలకి కూడా లేవు."

"నోరు మాత్రం ఆ గోడల కంటే పెద్దది," అన్నాడు మామగారు. కానీ ఆయన చేతిలో పలుపు ఆగిపోయింది. లేచి, గేటు దాకా నడిచి, దారి వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"రేపు పొద్దున్నుంచీ గుంతలు పూడుద్దాం. కూలిపోయిన పాత కొట్టం గోడ ఇటుకలున్నాయిగా, అవి చితక్కొడదాం."

"పూడ్చడమేంటి మామయ్యా? ఆయన వస్తున్నదే గుంతలు చూడ్డానికి కదా?"

"ఇంటికొచ్చే మనిషిని గుంతల్లో దొర్లుకుంటూ రమ్మంటామా అమ్మాయ్?"

"ఆయనేం చుట్టం కాదు నాన్నా," అన్నాడు కొడుకు.

"నా గడప తొక్కే ప్రతివాడూ చుట్టమే. పశువుల డాక్టరు సంగతి మర్చిపోయారా?"

ఎవరూ మర్చిపోలేదు. ఆ డాక్టరు మోటారు సైకిలు తూము దగ్గర గుంతలో పడి ఆయన చెయ్యి విరిగింది. మళ్లీ ఈ దారి తొక్కలేదు. ఆ తర్వాత నల్లావు ఈనలేక నానా యాతనా పడుతుంటే ఎంత కబురు పెట్టినా రాలేదు. ఆవూ పోయింది, దూడా పోయింది. మామగారు ఆ రోజంతా ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజనీరు కూడా సగం దారిలో పడి వెనక్కి తిరిగిపోతాడేమోనన్నదే ఆయన భయమంతా. మర్యాద అన్న మాట ఆ భయానికి పైన కప్పిన దుప్పటి.

"పూడ్చింది కొత్తగా కనపడుతుందిలే. కళ్లున్నవాడికి చెప్పాలా?" అని ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. పెద్దవాడి మాట మీద మాట అనే అలవాటు ఆ ఇంట్లో లేదు.

మర్నాటి నుంచి అందరూ అదే పనిలో పడ్డారు. కొడుకు ఇటుకలు చితక్కొట్టాడు. కోడలు వాగులో గులకరాళ్లు ఏరి గంపల్లో మోసింది. మామగారు గుంతలో ఇటుక ముక్కలు పరిచి, మీద మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో మోది గట్టి చేస్తూ పోయాడు. వయసు మీద పడ్డ మనిషి, అయినా దిమ్మిస లేపితే భుజం దాకా లేపేవాడు. రేడియో గట్టు మీద కూర్చుని, "బావా, రోడ్డేసే ఉద్యోగం నీకిచ్చేస్తే మండలికి ఇంజనీరే అక్కర్లేదు," అంటూ వచ్చాడు. కాసేపటికి సిగ్గేసిందో ఏమో, తనూ పార పట్టాడు. పని పూర్తయ్యాక మామగారు ఎండుగడ్డి కట్టతో దారంతా ఊడ్చాడు కూడా. పెళ్లివారి వాకిలిలా ఉంది దారి.

గురువారం పొద్దున్నే కోడలు దేవుడి ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఆమెకు పెద్ద పెద్ద కోరికలు కోరడం చేతకాదు. "స్వామీ, ఆయన బండి ఎక్కడా దిగబడకుండా, కుదుపు లేకుండా మా ఇంటిదాకా రానివ్వు," అంది.

ఆయన బండి కుదుపు లేకుండానే వచ్చింది.

ఇంజనీరు మంచివాడిలాగే ఉన్నాడు. కళ్ల కింద నల్లని చారలు, బూట్ల నిండా వేరే ఊళ్ల బురద. ఇచ్చిన పాలు గటగటా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మీ దారి చూస్తే ముచ్చటేసింది పెద్దాయనా. వాగు అవతల ఊళ్లలో తూములే కొట్టుకుపోయాయి. నిన్న ఒకచోట బండిని తోయించుకుని బయటపడ్డాం. మీ దగ్గర ఒక్క కుదుపు లేదు."

మామగారు నేల చూపులు చూస్తున్నాడు. చేసింది చెప్పుకోవడం ఆయనకు అడుక్కోవడంలా తోచిందని కోడలికి తెలుసు. ఆమెకు నాలుక చివర ఉంది మాట. మామగారి ముందు, పరాయి మగవాడితో ఎలా అనడం? భర్త వైపు చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"సార్, గుంతలన్నీ మొన్న మేమే పూడ్చామండి. మీరు రావాలని. ఒక్క వాన పడితే నిలవదు. అంతా పైపై మట్టే."

ఇంజనీరు ముఖంలో కోపం లేదు, వెటకారం లేదు. అలసట ఉంది.

"మీరే చేశారా?"

"అవునండి."

"మరి ఇంత బాగా చేసుకోగలిగిన వాళ్లు మీరొక్కళ్లే బాబూ. మిగతా చోట్ల అదీ లేదు. నాకున్నది ఒక్క రోలరు. ఉన్న కంకర ఎవరికి రాయమంటారు, చెప్పండి? మీరు ఇంకో ఏడాది ఎలాగో నెట్టుకు రాగలరు. వాళ్లు రాలేరు."

తప్పెక్కడుందో వెతకబోతే ఆ మాటలో తప్పే లేదు. వెళ్తూ వెళ్తూ ఆయన, పాడి రైతులకు మండలి ఇచ్చే దాణా బస్తాలు మీకూ రాయిస్తాను, లారీ ఇటు రాదు గానీ ఆఫీసుకొచ్చి పట్టుకెళ్లండి, అని కూడా అన్నాడు. బండి ఎక్కి, ఊడ్చిన దారి మీద మెత్తగా వెళ్లిపోయాడు.

అడిగినదే ఇచ్చాడు కదా, దేవుణ్ణి ఏమని అనాలి? అనుకుంది కోడలు. అడగడం తనకు రాలేదా, లేక ఎలా అడిగినా ఇంతేనా? ఈ రెండో ఆలోచనకు భయపడి చెంపలు వేసుకుంది.

వానలు రావలసిన వేళకే వచ్చాయి. మొదటి వానకే మట్టి కొట్టుకుపోయి ఇటుక ముక్కలు పళ్లలా పైకి తేలాయి. రెండో వానకు అవీ కనపడలేదు. పాలబండి డ్రైవరు చివరిసారి వచ్చినప్పుడు మోకాళ్ల దాకా బురదతో నిలబడి, తప్పు తనదే అన్నట్టు చేతులు నలుపుకున్నాడు.

"నామీద కోపం పెట్టుకోకక్కా. నాదీ నెల జీతం బతుకే."

"నీమీదెందుకు తమ్ముడూ కోపం," అంది ఆమె. ఎవరి మీద పెట్టుకోవాలో తెలిస్తే బాగుండుననిపించింది.

మొగుడూ పెళ్లాలు తోపుడుబండి మీద క్యాన్లు పెట్టుకుని తోశారు. చక్రం దిగబడితే ఒకరు లాగడం, ఒకరు నెట్టడం. తూము దగ్గర ఒకసారి బండి ఒరిగి క్యాను దొర్లింది. తెల్లటి పాలు ఎర్రటి బురదలో దారి చేసుకుంటూ పోతుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. పెద్ద రోడ్డు దాకా చేరిన పాలు సగంసార్లు వెనక్కి వచ్చేవి. పులిసిన వాసన అని పాలకేంద్రం వాళ్లు మూత తీసి మళ్లీ పెట్టేసేవారు. వెనక్కి వచ్చిన పాలు కొట్టం వెనక కాలవలో పోసేవాళ్లు. ఆ పని కోడలు ఎవర్నీ చెయ్యనిచ్చేది కాదు. తనే పోసేది, ముఖం పక్కకు తిప్పుకుని.

భర్త మళ్లీ మండలి ఆఫీసుకు వెళ్లాడు. ఇంజనీరు వాగు అవతల తూముల పని మీద ఉన్నాడని చెప్పారు. దాణా బస్తాలు మాత్రం వచ్చాయి, తీసుకెళ్లమన్నారు. ఎలా తీసుకెళ్లాలని అడిగితే గుమస్తా నవ్వి, "మీ దారి బాగుంటుందని ఇంజనీరు గారే అన్నారుగా!" అన్నాడు.

అమ్మేద్దామన్న మాట కొడుకు నోటి నుంచి రాలేదు, కోడలి నోటి నుంచీ రాలేదు. మామగారే అన్నాడు. పాలు పోసిన కాలవ దగ్గర నిలబడి అన్నాడు. "మేత వేసి పాలు పారబోయడం పాపంరా. పశువుల వ్యాపారికి కబురు పెట్టు."

వ్యాపారి ఫోనులో ముందు ఆవుల సంగతి అడగలేదు. "లారీ లోపలికొస్తుందా? దారెలా ఉంది?" అన్నాడు. అంత దూరం పశువుల్ని బురదలో నడిపిస్తే కాళ్లు విరుచుకుంటాయనీ, గుంతల్లో లారీ ఎగిరెగిరి పడితే లోపల ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతాయనీ తను చూశానన్నాడు.

ఫోను పెట్టేసేసరికి మామగారు కొట్టంలో పార వెతుకుతున్నాడు.

వాన తెరిపిచ్చింది. ఆ ఇంటివాళ్లు మళ్లీ ఇటుకలు చితక్కొట్టారు, మళ్లీ గులకరాళ్లు మోశారు. ఈసారి గోడ ఇటుకలు చాలక కొట్టం నేల మీద పరిచిన బండలు లేపేశారు. వాటితో ఇక పనిలేదు గదా. రేడియో వచ్చాడు. గట్టు మీద కూర్చోలేదు. గంప ఎత్తుకుని తలొంచుకుని మోశాడు. ఒకసారి మాత్రం, "బావా, కాసేపు కూర్చో," అన్నాడు. మామగారు దిమ్మిస ఆపలేదు.

లారీ వచ్చే ఉదయం కోడలు దేవుడి ముందు నిలబడింది. ఏం అడగాలో తోచలేదు. చివరికి పెదవులు వాటంతటవే కదిలాయి. స్వామీ, కుదుపు లేకుండా వెళ్లనివ్వు.

ఆవులు పేచీ పెట్టకుండా ఎక్కాయి. చిన్నప్పటి నుంచీ ఆమె చెయ్యి తెలిసినవి. ముందు ఆమె ఎక్కి పిలిచింది కాబట్టి ఎక్కాయి. ఆమె దిగిపోతుంటే ఎర్రావు ఒకసారి తల తిప్పి చూసింది. కొడుకు తలుపు గొళ్లెం వేశాడు. లారీ మెల్లగా కదిలి, గట్ల వెంట వంకర్లు తిరిగి, తూము దాటింది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. మామగారు దాన్ని కాదు, దాని చక్రాల కింది దారినే చూస్తున్నాడు.

లారీ కనపడకుండా పోయాక ఆయన తూము దగ్గరికి నడిచాడు. అక్కడ బరువుకు మట్టి కొంచెం కుంగింది. వంగి, దోసిట్లో మట్టి తీసి ఆ పల్లంలో పోసి కాలితో తొక్కడం మొదలుపెట్టాడు.

కోడలు వెనకే వచ్చింది. "ఇంకెందుకు మామయ్యా? ఇంకెవరొస్తారు మనింటికి?"

ఆయన తల ఎత్తలేదు.

"వచ్చేవాళ్ల కోసం కాదమ్మాయ్. రేపో మాపో మనం పోవాలిగా, సామానుతో."

ఆమె ఇంటికెళ్లి దిమ్మిస తెచ్చింది.