హమీద్ బూట్లు

మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. బొగ్గుగని దీపాల గది వెనుక, ఎవరి కంటా పడని చోట, రాయమల్లు మోకాళ్ల మీద కూర్చుని హమీద్ ఎడమ బూటుకు లేసు బిగిస్తున్నాడు. కాలివేళ్ల దగ్గర వదులుగా వదిలాడు. పాదం వంగే చోట మాత్రం ఒక్క గుంజు గుంజి, మడమ వెనక్కి ఒదిగిందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. చీలమండ చుట్టూ గట్టిగా లాగి, ముడి బయటి వైపు వేసి, కొసలు పట్టాల్లో చిక్కకుండా లోపలికి దోపాడు.

ఈ విద్య అతనికి నేర్పింది హమీదే. అరవై మూడులో ఇద్దరూ ఒకేరోజు బొగ్గుబాయి పనిలో చేరారు. అంతవరకు రాయమల్లు కాళ్లకు చెప్పులు కూడా తెలియవు. కొత్త బూట్లను గడ్డిమోపు కట్టినట్టు బిగించి, షిఫ్టు సగం కాకముందే తిమ్మిరెక్కి కూలబడ్డాడు. "అన్నా, గిది కాలు, మోపు కాదు" అని నవ్వుతూ హమీదే విప్పి కట్టాడు. ఆ రోజులు ఎంత బాగుండేవో.

తరువాత ఒకనాడు హమీద్ బొగ్గు టబ్బులకు కొక్కెం తగిలిస్తున్నాడు. కొక్కెం పడిందని అతను కేక వెయ్యకముందే రాయమల్లు వెనక టబ్బును నెట్టేశాడు. హమీద్ కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. పై అధికారి అడిగితే "నాదే తప్పు" అన్నాడు హమీద్. గాయం మానాక లోపల పంపు దగ్గర పని ఇచ్చారు. బూటు కూడా కట్టుకోలేడని తెలిస్తే ఆ పనీ ఊడుతుంది. అందుకే అప్పటినుంచీ ఆ బూట్లు రాయమల్లే కడుతున్నాడు.

రేపటినుంచి రాయమల్లు డ్యూటీ రామకృష్ణాపూర్‌లో. ఈ పూటే బస్సెక్కాలి. బదిలీ సంగతి తెలియగానే ఇంట్లో ఒంటిచేత్తో లేసు కట్టడం తానే నేర్చుకున్నాడు. సారక్క చూసి, మొగుడికి మతి చలించిందనుకుంది.

"కుడిది నువ్వే కట్టు తమ్మీ. ఎట్లనో నే చెప్త. ముందుగాల ఒక కొసకు ముడెయ్యాలె..."

రాయమల్లు చెప్పడం పూర్తికాలేదు. హమీద్ ఎడమచేతితో, పంటి సాయంతో కొసకు ముడేశాడు. దాన్ని కింది రంధ్రంలో ఆపి, మిగిలిన లేసును అటూ ఇటూ పైకి అల్లుకుపోయాడు. మొండివేళ్లతో మధ్యలో అదిమి, బిగించి, కొస దోపాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

రాయమల్లు ఆ బూటును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఎప్పటిసంది వస్తది నీకు?"

"దవాఖానకెల్లి వచ్చిన నెలకే."

"మరి గిన్నేండ్లు నాతోని ఎందుకు కట్టిపిచ్చుకున్నవ్?"

హమీద్ బూటు మీది దుమ్ము దులిపాడు. "కట్టనియ్యకుంటే నువ్వు నా మొకం సూస్తుంటివా అన్నా?"

సైరన్ మోగింది. హమీద్ అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపుంచి, దీపం తీసుకుని బాయి దిక్కు వెళ్లిపోయాడు. రాయమల్లుకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. మొహం తుడుచుకుని, లేచి, బస్సు కోసం నడిచాడు.

అతను కూర్చున్న చోట, రాళ్లు గుచ్చుకోకుండా హమీద్ రోజూ పరిచే గోనెగుడ్డ మడత, రెండు మోకాళ్ల గుంటలతో అలాగే ఉంది.