పసుపు కాగితం కింద పుస్తకం

నేను ఒక అద్దాల బీరువాను. టేకు చట్రం, మూడు వైపులా గాజు, వెనకాల రెండు తలుపులు. అందరూ నాలోకి చూస్తారే గానీ నన్ను చూడరు. దానికి నాకేం బాధ లేదు, నా పుట్టుకే అలాంటిది. నా బాధ వేరే ఉంది. అది చెప్పుకోవడానికే మిమ్మల్ని కాసేపు ఆపుతున్నాను.

పార్వతీపురంలో ఒక మిఠాయి కొట్టాయన నన్ను చేయించాడు. ఇరవై ఏళ్లు జిలేబీలూ మైసూరుపాకులూ మోశాను. కొట్టు మూతపడ్డాక ఫొటో స్టూడియోకి చేరాను. అక్కడ నా నిండా పెళ్లి ఫొటోలు. వాళ్ల కాపురాలు ఎలా ఉన్నాయో తెలీదు గానీ నాలో మాత్రం అందరూ నవ్వుతూనే ఉండేవారు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ స్టూడియో కూడా పోయింది. దాని యజమాని తన కొడుకు చదివిన డిగ్రీ కాలేజీ లైబ్రరీకి నన్ను ఊరికే ఇచ్చేశాడు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనబడేలా, కౌంటరుకి ఎదురుగా నిలబెట్టారు.

లైబ్రేరియన్ హైమవతి గారికి నేనంటే ప్రాణం. ఏడాదికి ఐదు ముస్తాబులు చేసేవారు. జూన్‌లో కొత్తగా చేరిన పిల్లలకి స్వాగతం, ఆగస్టులో స్వాతంత్ర్యోద్యమం పుస్తకాలు, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, జనవరిలో రాజ్యాంగం, మార్చిలో పరీక్షలకి పనికొచ్చే పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు. పుస్తకాలు వరసగా కనబడాలంటే లోపల మెట్లుండాలి. చెక్క మెట్లు చేయించమని ఆవిడ ప్రిన్సిపాల్‌కి పెట్టిన అర్జీ ఏ ఫైల్లో నిద్రపోతోందో. అందుకని ఎవరూ ముట్టని లావుపాటి పుస్తకాలు నాలుగైదు కలిపి, రంగు కాగితం చుట్టి, మెట్లు కట్టేవారు. సీజను మారితే పాత కాగితం విప్పేవారు కాదు, దాని మీదే కొత్తది అంటించేవారు. విప్పితే అట్టలు చిరుగుతాయని ఆవిడ భయం. పుస్తకాలంటే అంత జాగ్రత్త ఉన్న మనిషి చేతుల మీదుగానే ఆ పని జరిగిపోయింది.

ఆరిక సుమిత్ర అని బీయస్సీ ఆఖరి సంవత్సరం పిల్ల. కురుపాం అవతల కొండ మీది ఊరు. మన్యం మొక్కల మీద రంగు బొమ్మలతో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది లైబ్రరీలో, ఒకే ఒక్క ప్రతి. ఆ పిల్ల రోజూ దాన్ని నా పక్క బల్ల మీద తెరిచి, "ఇది మా ఇంటెనకే ఉంది మేడం. మా అమ్మ దీనాకు నూరి దెబ్బలకి కడతాది" అంటూ హైమవతి గారికి చూపించేది. ఆవిడ మురిసిపోయేవారు. రిఫరెన్సు పుస్తకం బయటికి ఇవ్వకూడదు. అయినా రిజిస్టరులో రాసుకుని, తన పూచీ మీద ఇంటికిచ్చారు.

నవంబరు పదమూడు సాయంత్రం. తెల్లారితే వారోత్సవాలు. హైమవతి గారు నా ముందు స్టూలెక్కి తోరణం కడుతున్నారు. సుమిత్ర వచ్చి, "పుస్తకం తెచ్చినాను మేడం" అంది. ఆవిడ నోట్లో రెండు గుండుసూదులు. తల తిప్పకుండానే, "ఆ బల్ల మీద పెట్టెళ్లమ్మా, తర్వాత రాసుకుంటాను" అన్నారు. పిల్ల పెట్టేసి బస్సుకి పరుగెత్తింది. పది నిమిషాల తర్వాత చూస్తే పై మెట్టు రెండంగుళాలు తక్కువ వచ్చింది. "పోలినాయుడూ, బల్ల మీద లావుపాటిది ఏదుంటే అదందుకుని చుట్టెయ్" అన్నారు ఆవిడ. అటెండరు పోలినాయుడికి ఇంగ్లీషు రాదు. చేతికందింది తీసుకుని పసుపు కాగితం చుట్టేశాడు.

నేను చూశాను. చూసి ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. నా పై మెట్టు నిండుగా వచ్చిందని పొంగిపోయాను. మర్నాడు వచ్చినవాళ్లంతా నన్ను మెచ్చుకుంటుంటే ఆ పిల్లా గుర్తు రాలేదు, పుస్తకమూ గుర్తు రాలేదు. నా మొహానికి సోకులొకటి.

మే నెలలో సుమిత్ర టీసీ కోసం వచ్చింది. లైబ్రరీ సంతకం లేనిదే సర్టిఫికెట్లివ్వరు, అవి లేనిదే పీజీ కౌన్సెలింగుకి వెళ్లలేదు. కౌన్సెలింగు ఇంకో మూడు రోజుల్లో ఉంది. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా తిరిగిచ్చిన తేదీ గడి ఖాళీగా ఉంది. అలమరలన్నీ వెతికారు. పుస్తకం లేదు.

"ఇచ్చీసినాను మేడం. మీరు స్టూలు మీదున్నారు. బల్ల మీద పెట్టమన్నారు."

హైమవతి గారు చాలాసేపు ఆలోచించారు. గుర్తు రాలేదు. వారోత్సవాల ముందు రోజు ఎంతమంది వచ్చుంటారు, ఎన్నిసార్లు ఆ మాట అనుంటారు. "నాకు జ్ఞాపకం లేదమ్మా. ఇంట్లో మరోసారి చూడు" అన్నారు. ఆ గొంతులో అనుమానం ఉంది. నమ్మి పూచీ పడితే ఇలా చేసిందేమిటన్న బాధా ఉంది. అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్, "పుస్తకం పోగొట్టానని ఉత్తరం రాసిచ్చెయ్యమ్మా, సంతకం పెట్టించేస్తాను. ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

సుమిత్ర వచ్చి నా ముందు నిలబడింది. ఆమె మొహానికీ పుస్తకానికీ మధ్య జానెడు దూరం. మధ్యలో ఉన్నదల్లా నా అద్దం, మూడు పొరల రంగు కాగితం. పుస్తకం కోసం నాలోకి కూడా చూసింది. పై ట్యూబులైటు వెలుగు నా గాజు మీద పడి ఆమె కళ్లలో కొట్టింది. మొహం తిప్పేసుకుంది. నాకు నోరు లేదని మీరంటారు. నిజమే. కానీ ఆ మాట చెప్పుకుని నేను తప్పించుకోలేను. జీవితమంతా ఉన్నది చూపించడమే నా పని, ఆ ఒక్కరోజే చూపించలేకపోయాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. 'లైబ్రరీ పుస్తకం నా అజాగ్రత్త వల్ల పోయినది. క్షమించగలరు.' సంతకం చేసి, సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ పసుపు కాగితం చుట్టి మూడేళ్లయింది. హైమవతి గారు ఆ నవంబరాఖరుకి రిటైరవ్వాలి. చివరి వారోత్సవాలని కొత్త జరీ కాగితం తెప్పించారు. ఎంత జిగురు రాసినా అంటుకోవడం లేదు, కింద పొరలు అంత మందమయ్యాయి. "అన్నీ పీకెయ్యాల మేడం" అన్నాడు పోలినాయుడు. ఈసారి తప్పదని ఆవిడే కూర్చుని జాగ్రత్తగా ఒలిచారు. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, నీలం, పదిహేను పొరలు. అన్నిటికన్నా లోపల పసుపు. దాని కింద మన్యం మొక్కలు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. అట్ట చూశారు, రిజిస్టరు తెచ్చి నంబరు చూశారు, వచ్చి కూలబడ్డారు. "వారోత్సవాల కాగితం" అన్నారు నెమ్మదిగా. "నేనే చుట్టమన్నాను."

పోలినాయుడు గుమ్మం వైపు చూశాడు. తర్వాత, "ఎవులికి తెలుస్తాది మేడం? దొరికిందని రాసీసి ర్యాకులో పెట్టీండి. ఎల్లిపోయే ముందు ఈ తలనొప్పి మీకెందుకు" అన్నాడు. ఆవిడ అట్ట మీది జిగురు తుడుస్తున్నారు. నాకూ సిగ్గు లేకుండా అదే ఆశ కలిగింది, ఎలాగోలా ఈ సంగతి సద్దుమణిగితే బావుణ్ణని.

మర్నాడు పొద్దున నాలో తోరణం లేదు, మెట్లు లేవు, జరీ లేదు. మధ్యలో ఆ పుస్తకం ఒక్కటే. పక్కన హైమవతి గారి చేతిరాతతో ఒక అట్ట: 'ఈ పుస్తకాన్ని ఆరిక సుమిత్ర మూడేళ్ల కిందట ఈ బల్ల మీద నాకే తిరిగి ఇచ్చింది. పోగొట్టింది నేను. నింద మోసింది ఆమె.' కింద పూర్తి పేరు, హోదా, సంతకం.

ప్రిన్సిపాల్ కంగారు పడ్డాడు. "రేపు పెద్దవాళ్లొస్తారు, ఇదేం ప్రదర్శన మేడం?"

"ఈ ఏడాదికి ఇదే సార్" అన్నారు ఆవిడ.

వారం రోజులూ పిల్లలు గుంపులుగా వచ్చి చదివారు. నాకు అంత జనం ఎప్పుడూ రాలేదు. మొదటిసారి అది నాకు నచ్చలేదు.

ఆరో రోజు సుమిత్ర వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేస్తోందట, హైమవతి గారు ఆచూకీ తీసి ఫోను చేశారట. కౌంటరు వెనక నుంచి ఆవిడ లేచొచ్చి, "క్షమించమ్మా" అన్నారు. సుమిత్రకి ఆ మాట చెవిన పడిందో లేదో. అట్టని రెండుసార్లు చదివింది.

"అయితే ఇచ్చినానన్నమాట" అంది.

"ఇచ్చావు తల్లీ."

"మొదట్లో నాకు గట్టిగా తెలుసు మేడం, ఇచ్చినానని. ఆ ఉత్తరం రాసినాక, ఇంతమంది అంటన్నారంటే బస్సులో మరిసిపోయానేమో అనిపించింది. కొన్నాళ్లకి సీటు మీద పెట్టి దిగిపోయినట్టు గుర్తు కూడా వొచ్చీసింది. కిటికీ పక్క సీటు. పీజీ రెండేళ్లూ లైబ్రరీ కార్డు తీసుకోలేదు. మళ్లీ పోగొడతానని."

హైమవతి గారు నా తలుపు తెరిచి పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. ఆమె తెరవలేదు, అట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఇప్పుడు చూస్తన్నా కూడా ఆ సీటే కనబడతంది మేడం" అంది.

హైమవతి గారు రిటైరయ్యారు. కొత్తగా ఇనుప స్టాండ్లొచ్చాయి, నన్ను స్టోరు గదిలోకి నెట్టారు. ఆవిడ తన తప్పు రాసి సంతకం పెట్టి వెళ్లారు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు, బీరువాని ఎవరంటారు? ఆ పిల్ల జ్ఞాపకంలో ఆ బస్సు సీటు మీద పుస్తకం పెట్టింది ఆమె కాదు, నేను.