బ్రిడ్జి కింది వైరు

ఫెబా మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆదివారాలు చర్చిలో బేస్ గిటారు వాయిస్తుంది. పాటల బృందంలో ఆ వాయిద్యం తెలిసింది ఆమె ఒక్కతికే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోదు.

మార్చిలో గిటారు వాల్యూం బుడిపె తిప్పినప్పుడల్లా బరబరమనడం మొదలైంది. బెంగళూరులో చూపించమని బృందం పెద్ద శరత్ బాబు చెప్పాడు. ఫెబా వినలేదు. ఫోనులో వీడియో చూసి, వెనక పలక తానే విప్పి, కొత్త బుడిపె తెచ్చి సోల్డరింగ్ చేసి అతికించింది. పని మధ్యలో ఒక సన్నటి నల్ల వైరు తెగి చేతికొచ్చింది. తీగలు ఆనే ఇనుప బ్రిడ్జి కింది నుంచి వచ్చే వైరు అది. దాన్ని ఎక్కడ అతకాలో వీడియోలో సరిగా కనబడలేదు. అది లేకుండానే గిటారు పలికింది. వైరు కొసకు టేపు చుట్టి, లోపలికి తోసి, పలక బిగించేసింది.

ఇంట్లో చిన్న స్పీకరులో తేడా తెలియలేదు గానీ, ఆదివారం చర్చిలో పెద్ద స్పీకర్లు గుయ్యిమన్నాయి. పాస్టరు గారి ప్రార్థన కింద కూడా ఆ మోత నడుస్తూనే ఉంది.

ఆ చర్చికి ఇరవై ఏళ్లుగా మైకుసెట్టు పెట్టేది పుంగనూరు గంగులయ్య. ఆరాధన అయ్యాక ఆయన ఫెబా దగ్గరికొచ్చాడు. బృందమంతా అక్కడే ఉంది.

"అమ్మా, తీగల మీద సెయ్యి పెట్టు. మోత తగ్గిందా? లేదు గదా. ఇప్పుడు ఈ కేబులు పిన్ను ఇనుము ముట్టు."

ముట్టగానే మోత బాగా తగ్గింది.

"సూస్తివా. సెట్టులో ఏమీ లేదు. నీ గిటారు లోపల తీగలకు ఎర్తు ఇచ్చే వైరు తెగి ఉండాది. విప్పితే ఐదు నిమిషాల్లో అతికిస్తా."

ఫెబాకు టేపు చుట్టిన నల్ల వైరు కళ్ల ముందు కదిలింది. చుట్టూ పన్నెండు మంది చూస్తున్నారు. గిటారు నేనే బాగు చేసుకున్నానని కిందటి వారమే వాళ్లందరికీ చెప్పుకుంది.

"జాతరల్లో మైకులు కట్టేవాళ్లకు బేస్ గిటారు సంగతి ఏం తెలుస్తాది?" అంది. "మీ సెట్టు పాతబడిపోయింది. అది ఒప్పుకోలేక నా గిటారు మీదికి తోస్తాండారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. గంగులయ్య చేతిలోని వైరు చుట్టుకుంటూ, "సరేమ్మా" అన్నాడు. అంతే.

ఆమె మాట మీద రెండు వారాల్లో చర్చి కమిటీ వాళ్లు వేరే మైకుసెట్టు మాట్లాడారు. దాంట్లోనూ మోత వచ్చింది. ఫెబా వాల్యూం సగానికి తగ్గించుకుని వాయించింది. కొత్త సెట్టు కదా, ఎవరూ ఏమీ అనలేదు. ఒక పూట కూర్చుంటే ఆ వైరు అతికించుకోగలదు. కానీ పలక విప్పడమంటే గంగులయ్య మాట నిజమని ఒప్పుకోవడమే అనిపించి, విప్పలేదు.

మేలో కుప్పంలో చర్చి యువజన కూటాల్లో వాయించడానికి ఆమెను పిలిచారు. పెద్ద హాలు. అక్కడ సౌండు చూసే నవీన్ ఆమె వాల్యూం పెంచగానే హాలంతా గుయ్యిమంది. కేబులు మార్చాడు, ప్లగ్గు మార్చాడు. నాలుగొందల మంది పాట కోసం నిలబడి ఎదురుచూస్తున్నారు. చివరికి అతనూ తీగలు ముట్టమన్నాడు, తర్వాత పిన్ను ముట్టమన్నాడు.

"గిటారులో ఎర్తు పోయుండాదక్కా. ఇంతకుముందు నీకెవురూ చెప్పలేదా?"

"లేదు" అంది ఫెబా.

గిటారు సంచిలో పెట్టుకుని వెనక వరుసలో కూర్చుంది. బేస్ లేకుండానే పాటలన్నీ అయిపోయాయి.

మర్నాడు తిరుగు బస్సులో మదనపల్లెకు టికెట్టు తీసుకుంది. పుంగనూరు రాగానే దిగిపోయింది.

గంగులయ్య అంగడి ముందు ఆయన భార్య పాపక్క మైకు స్టాండ్లు తుడుస్తోంది. ఫెబా భుజానున్న సంచి చూసి లోపలికి తిరిగి, "మదనపల్లె గిటారమ్మ వచ్చిండాది" అంది. కూర్చోమనలేదు.

"అన్నా, ఇది విప్పి సూస్తావా?" అని ఫెబా అడిగింది.

గంగులయ్య ఏమీ అడగకుండా గిటారు బల్ల మీద పెట్టుకుని పలక విప్పాడు. నల్ల వైరును వేలితో పైకి లాగాడు.

"ఈ టేపు ఎవురు సుట్నారు?"

"నేనే. మార్చిలో."

"ఊ. మరిచిపోయింటావులే."

అవునంటే అక్కడితో సరిపోయేది. ఫెబా తల అడ్డంగా ఊపింది. "మరిచిపోలేదన్నా. నువ్వు సెప్తాంటేనే గుర్తొచ్చింది. తెలిసే నిన్ను అంత మాటన్నా."

గంగులయ్య సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టాడు.

"తెలీక అనిందిలే, సిన్నపిల్ల అనుకుంటి ఇన్నాళ్లూ" అన్నాడు.

"ఆ ఆదివారం అన్నం ముట్టకపోతే, నేనూ ఆయనకు అదే సెప్పి తినిపిచ్చినా" అంది పాపక్క, గుడ్డ దులుపుతూ.

ఫెబాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది. ఆయన మళ్లీ కడ్డీ తీసుకుని, బుడిపె వీపున కాస్త గీకి, వైరు అతికించాడు. స్పీకరుకు తగిలించి వాల్యూం పూర్తిగా పెంచాడు. ఏ మోతా లేదు.

"సర్చిలో అందరికీ సెప్తానన్నా. నువ్వు మళ్లీ రావల్ల."

"సెప్పేది నీ ఇష్టం తల్లీ. నేను మాత్రం రాను. ఆదివారాలు గంగవరమోళ్లకు ఒప్పుకున్నా."

ఆ ఆదివారం బేస్ నిండుగా పలికింది. ఆరాధన అయ్యాక కీబోర్డు వాయించే ఫ్లారెన్స్, "కొత్తాయన సెట్టు ఎంత బాగుండాదో సూడు" అంది. అందరూ తలలూపారు. ఫెబా వాళ్లను కూర్చోమని, జరిగిందంతా చెప్పింది. వైరు తెగడం, టేపు, గంగులయ్యతో అన్న మాట, కుప్పంలో ఆడిన అబద్ధం.

"అయిపోయిందానికి ఇప్పుడు ఎందుకమ్మా ఇదంతా" అన్నాడు శరత్ బాబు, నేల చూస్తూ. ఇక రావద్దని గంగులయ్యకు ఫోను చేసి చెప్పింది అతనే.

"నా మాట నమ్మి ఆయన్ను నిలిపేసినారన్నా" అంది ఫెబా.

శరత్ బాబు ఫోను తీసి గంగులయ్య నంబరు నొక్కాడు. అవతల ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు.

"ఇప్పుడు గంగవరంలో ఆరాధన జరుగుతాంటాది" అంది ఫెబా. "ఆయన సెట్టు దగ్గర ఉంటాడు. సాయంత్రం మనమే పుంగనూరు పోదాం."