ఓడల ఆఫీసు కర్టెన్లు

హోటల్లో అతిథుల మంచాల మీద తువ్వాళ్ళతో హంసలు చేసి పెట్టడం మానెయ్యమని పైనుంచి మాట వచ్చిన రోజే తోరికాకి సంగతి అర్థమైపోయింది. విమానాలు సగానికి సగం తగ్గాయి. ఆస్ట్రేలియా వాళ్ళకి చేతిలో డబ్బు ఆడక, ఈ ఏడు సెలవులకి సొంత పెరట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. హోటల్లో మూడు వంతుల గదులు ఖాళీ. మనిషి పడుకోని మంచం మీద దుప్పటి మాయదు. దుప్పటి మాయకపోతే లాండ్రీ ఎందుకు? లాండ్రీయే లేకపోతే అందులో పదహారేళ్ళుగా పెద్దరికం చేస్తున్న తోరికా ఎందుకు, ఆమె చేతికింది ఆరుగురు ఆడవాళ్ళెందుకు? ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అయినా ఆ ఆరుగురికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఉనైసి అయితే పని లేక ఆగిపోయిన నాలుగో మిషను ఎక్కి కూర్చుని కర్రపెండలం ముక్కలు తింటోంది.

"ఊరికే కంగారు పడతావెందుకక్కా? తీసేస్తే అప్పుడు చూద్దాం. పాస్టరుగారు మనకోసం ప్రార్థన చేస్తానన్నారుగా."

"ఆయన్ని చెయ్యనీవే, వద్దన్నానా! దేవుడు పని ఇస్తాడే గానీ, చేతిలో కాగితం పట్టుకుని ఈ ఆవిర్లోకి వచ్చి నిన్ను వెతుక్కుంటాడా? తీసేసేదాకా కూర్చుంటే అప్పుడు మనతోపాటు వెతుక్కునేవాళ్ళు ఈ తీరం పొడుగునా ఉంటారు. ముందు ఆ మిషను దిగు, వంగిపోతోంది!"

అంతటితో ఆగకుండా తోరికా తిన్నగా మేనేజరు హెలెన్ గదికి నడిచింది. హెలెన్ న్యూజీలాండ్ మనిషి, మెత్తని మనసు. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ముందు బిస్కెట్లు పెడుతుంది. తోరికా వెళ్ళేసరికి పళ్ళెం బల్ల మీద తయారుగా ఉంది.

"మేడం, ఆ పళ్ళెం ఇటు జరపకముందే ఓ మాట. బయటి బట్టలు తెస్తే లాండ్రీ ఉంచుతారా?"

హెలెన్ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. "ఎవరి బట్టలు తోరికా?"

"ఓడలవి. టూరిస్టులు రాకపోతే మనవాళ్ళు దీవులకి పోవడం మానేస్తారా? పెళ్ళిళ్ళు ఆగాయా, చావులాగాయా? ఓడలు కిటకిటలాడుతున్నాయి. వాటిలో పడకల దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారో గానీ, మొన్న మా మేనత్త ఓడ దిగేసరికి ఒళ్ళంతా దద్దుర్లు!"

"లాండ్రీ మూసెయ్యకుండా నెలాఖరు దాకా ఆపగలను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు," అంది హెలెన్. అని, పాపం, అలవాటు కొద్దీ బిస్కెట్టు కూడా ఇచ్చింది.

ఓడల ఆఫీసు అనగానే ఉనైసి చప్పట్లు కొట్టింది. "అక్కా, నీ పంట పండింది! అక్కడ దుప్పట్ల సంగతి చూసేది మతాసింగా ఊరివాడు. నీకు తౌవు! మెట్లెక్కగానే కుడిచేతి గది. ఇంత తల, ఇన్ని మీసాలు."

తోరికా వాళ్ళది వైతోలు ఊరు. వైతోలుకీ మతాసింగాకీ మూలపురుషుడొక్కడే, అందుకని ఆ రెండూళ్ళవాళ్ళూ ఒకరికొకరు తౌవు. ఆ వరస ఉన్నవాళ్ళు ఎదురుపడితే ఇక నోటికి అడ్డూ ఆపూ ఉండదు. తిట్టుకోవచ్చు, కనబడిన వస్తువునల్లా పట్టుకుపోవచ్చు, అవతలివాడు వద్దనకూడదు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు, నోరు మెదపనివాడు చిత్తుగా ఓడినట్టు. అలాంటి మనిషి కుర్చీలో ఉంటే ఇక దరఖాస్తు ఏమిటి, దండం ఏమిటి! తోరికా మర్నాడే రాజధాని సువాకి బస్సెక్కింది. తిట్లు కూర్చుకుంటూ దారంతా తనలో తానే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

కుడిచేతి గదిలో నిజంగానే ఇంత తల, ఇన్ని మీసాలు. తోరికా తలుపు ధడాలున తోసింది.

"ఏవయ్యా మతాసింగా మొద్దూ! ఈ తలేమిటయ్యా ఇంతుంది, గుమ్మం దాటేటప్పుడు అడ్డంగా తిప్పుతావా? లోపలేమన్నా ఉందా, మీ ఊళ్ళో అందరికిలాగే ఖాళీయేనా?"

అతను కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అమ్మా, మీరు..."

"ఓరి నాయనో, మతాసింగా వాళ్ళకి మాటలొచ్చాయి! ఎప్పట్నించి?"

అతను నోరు మూసుకున్నాడు. చిత్తుగా ఓడిపోతున్నాడని తోరికాకి ఇంకా హుషారొచ్చింది. కిటికీ కర్టెన్లు చూసింది. అవి ఏ రంగువో వాటికే గుర్తులేనట్టుంది. కుర్చీ లాక్కుని, ఎక్కి, కొక్కేలు పటపటా ఊడదీసింది. మేకుకున్న కోటు తీసుకుంది. అతను మోచేతులు ఎత్తేదాకా ఆగి, బల్ల మీద గుడ్డ కూడా లాగేసింది. గుమ్మంలో గుమస్తాలు నలుగురు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

"ఇవన్నీ నావి. నీ ఓడల దుప్పట్లు కూడా నావే. సోమవారానికి పంపలేదో, మళ్ళీ వచ్చి ఆ నడుముకి చుట్టుకున్న సూలు గుడ్డ కూడా పట్టుకుపోతా!"

ఆ సాయంత్రం లాండ్రీలో పండగే. మొదటి నీళ్ళు నల్లగా, రెండో నీళ్ళు మట్టిరంగుగా వచ్చాయి. నాలుగో నీళ్ళకి కర్టెన్ల మీద పచ్చటి పువ్వులు బయటపడ్డాయి. ఆరుగురూ గోలగోలగా పాటలు పాడుతుండగా ఉనైసి ఫోను మోగింది. ఓడల ఆఫీసులో పనిచేసే ఆమె చిన్నాన్న కూతురు. వింటూ వింటూ ఉనైసి మెల్లిగా ఫోను దించింది.

"అక్కా... మతాసింగా ఆయన్ని లంబాసాకి మార్చేసి పది రోజులైందట. ఇతను కొత్తాయన. పేరు ఇరావా. రోతుమా దీవి మనిషి."

"రోతుమా వాళ్ళకి మనతో తౌవు..."

"ఎక్కడిదక్కా!"

తోరికా తడినేల మీద చతికిలబడింది. ఏ వరసా లేని పెద్దమనిషిని, అతని గదిలోనే, అతని కింద పనిచేసేవాళ్ళ ముందు మొద్దూ అంది. పట్టపగలు కర్టెన్లు ఎత్తుకొచ్చింది! ఆరుగురూ పాట ఆపి తనవైపే చూస్తున్నారు. ఆమెకి సిగ్గుకన్నా ఆ చూపులే ఎక్కువ భారమయ్యాయి. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. తెలిసిన ఓడల కంపెనీ ఇంకొకటి లేదు.

మర్నాడు ఇస్త్రీ చేసిన కర్టెన్లు, కోటు, బల్లగుడ్డ, వాటిమీద క్షమాపణ అడిగేవాళ్ళు ఇచ్చుకునే కావా మొక్క వేళ్ళ కట్ట పెట్టుకుని మళ్ళీ ఆ మెట్లెక్కింది. గదిలోకి వంగి నడిచి, నేలమీద కూర్చుని, కట్టని రెండు చేతులా అతని ముందుంచింది. తల ఎత్తకుండా, పెద్దల దగ్గర ఎలా చెప్పాలో అలా, తన తప్పంతా మొదట్నించీ చెప్పుకుంది.

ఇరావా కట్టని తాకి, మూడుసార్లు అరచేతులు కలిపి చప్పుడు చేశాడు. "పుచ్చుకున్నాను. క్షమించాను. కానీ అమ్మా, పని మాత్రం మీకివ్వను."

తోరికా తల ఇంకా కిందికి వాలింది.

"మీకు అంటే, ఇవాళ ఇలా వంగి వచ్చినావిడకి. నిన్న వచ్చినావిడ ఏదీ?"

"అయ్యా?"

"నేనొచ్చి పది రోజులైంది. అందరూ సార్ సార్ అనేవాళ్ళే. ఈ కర్టెన్లు కంపు కొడుతున్నాయని ఒక్కడు చెప్పాడా? దుప్పట్లు ఉతికేవాళ్ళు కూడా అంతే. సరే సార్, తప్పకుండా సార్ అంటారు, ఆ మురికి అలాగే తిరిగొస్తుంది. ఓడ కెప్టెన్ తలకింద దిండు కూడా లాక్కురాగల మనిషి కావాలి నాకు. నిన్న కుర్చీ ఎక్కిందే, ఆవిడ. ఉంటే పిలవండి. పదకొండింటికి నాకు మీటింగుంది, బోలెడంత టైము లేదు."

తోరికా లేచి నిలబడింది. ఇదేం పరీక్ష! వరస లేనివాణ్ణి పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట అని ఎరగదు. నిన్న అన్నదంతా తౌవు అనుకుని అన్నది, ఇవాళ అనాలంటే తన సొంత ధైర్యంతో అనాలి. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. గోడ మీద గడియారం పదకొండుకి దగ్గర పడింది. ఇరావా నిట్టూర్చి, కాగితాలు సర్దుకుని, లేవబోయాడు. అప్పుడు ఆమెకి లాండ్రీలో ఆ ఆరు మొహాలు కళ్ళముందు కనబడ్డాయి. వాళ్ళకోసమైతే దేశంలో ఎవణ్ణైనా అనగలననిపించింది.

"ఏవయ్యా..." గొంతు కీచుమంది. తోరికా మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. "ఏవయ్యా మీసాలాయనా! ఎక్కడికి లేస్తున్నావ్? పది రోజులు ఆ కంపులో కూర్చున్నావే, ముక్కుందా, మీసాల కింద పడి పోయిందా? సోమవారం దాకా ఎవరాగుతారు? ఓడ రేవులోనే ఉంది, దుప్పట్ల గది తాళాలు ఇటియ్యి!"

గుమ్మంలో గుమస్తాలు ఊపిరి బిగబట్టారు. ఇరావా పెద్ద తల వెనక్కి వాల్చి, కళ్ళెమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తోరికాకి కూడా నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది, రెంటినీ ఆపే ఓపిక లేక అలాగే వదిలేసింది. ఇరావా మీటింగు సంగతి మరిచిపోయి తాళాల కోసం సొరుగులన్నీ లాగి వెతుకుతున్నాడు.

"తొందరగా!" అంటూ తోరికా మెట్లు దిగడం మొదలుపెట్టింది.