ఒక సొట్ట మనమే చూపించాలి

ఎడమ మోకాలికి మూడోసారి స్కానింగ్ తీస్తామన్నప్పుడు గోడకి అనుమానం వచ్చింది.

గోడ అనేది తోటి ఆటగాళ్ళు పెట్టిన పేరు. ఫుట్‌బాల్ ఆటలో బంతితో దూసుకొచ్చేవాణ్ణి ఎక్కడివాణ్ణక్కడ ఆపేసేవాడని అలా పిలిచారు. పిలిచి పిలిచి అసలు పేరు బ్యాంకు పాసుపుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆ గోడ ఇప్పుడు గొట్టంలాంటి యంత్రంలోకి నడుము దాకా దూరి, పైకప్పు తెల్లరేకుల మధ్య సందులు చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్కింట్లో ఎవరో మేకులు కొడుతున్నట్టు యంత్రం టకటకమంటోంది.

"కదలకండి. ఇంకొంచెమే," అంది డాక్టరమ్మ మైకులోంచి.

"ఇందాకా అదే అన్నారు మేడమ్."

"ఇందాక పైనుంచి ఫోన్ రాలేదు."

పైన అంటే రెండో అంతస్తులో డైరెక్టర్ గది. ఈ క్లబ్బుకి ఆటగాళ్ళని కొనే పని, అమ్మే పని ఆయనదే. ఆయన ఎదురుగా గోడ తరఫున మాట్లాడటానికి గోడ బావ కూర్చుని ఉన్నాడు. ట్రాన్స్‌ఫర్లకి ఆ సాయంత్రమే ఆఖరు. ఈలోగా రెండు క్లబ్బులూ ఒక ధరకి ఒప్పుకుంటే గోడ ఇక్కడ ఆడతాడు. ఒప్పుకోకపోతే పాత క్లబ్బులోనే ఉండిపోతాడు. అక్కడ ఉండటమంటే బెంచీ మీద ఉండటమే. కొత్త కోచ్ వస్తూ వస్తూ తన డిఫెండర్ని వెంటబెట్టుకొచ్చాడు. అప్పట్నుంచి గోడకి జీతం ఆగలేదు, ఆట ఆగిపోయింది. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తుంటే ఏడుస్తావేంట్రా అన్నవాళ్ళున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ డిఫెండరు ఒక ఏడాది కూర్చుంటే, రెండో ఏడాది వాడొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

ఈ డైరెక్టరేమో ఫోన్లో, "నువ్వు రా, మొదటి మ్యాచ్ నుంచీ నీ చోటు నీదే," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే గోడ నిన్న పాత క్లబ్బులో తన అలమర ఖాళీ చేశాడు. అందరితో చేతులు కలిపాడు. కోచ్ కూడా మనస్ఫూర్తిగానే, "వెళ్ళి ఆడుకో నాయనా," అని భుజం తట్టాడు.

బావ సంగతి చెప్పాలి. ఆయనది పాత కార్ల వ్యాపారం. రోడ్డు పక్కన ఇనపకంచె వేసిన ఖాళీ స్థలం, అందులో కడిగి తుడిచి నిలబెట్టిన కార్లు, మూలన ఒక రేకుల గది, ఆ గదిలో బావ. గోడకి మొదట వేరే ఏజెంటు ఉండేవాడు. వాడు కాగితం మీద ఒకటి, నోటితో ఒకటి చెప్పి ముంచాడు. అప్పుడు అక్కే, "పరాయివాడి చేతిలో మోసపోయే బదులు మనవాణ్ణే పెట్టుకోరాదూ, బేరంలో ఈయన్ని మించినవాళ్ళెవరు?" అంది. అది నిజమే. పాత క్లబ్బుతో కిందటి ఒప్పందం బావ కుదిర్చిందే. అప్పుడు ఆయన రెండుసార్లు కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్తే, రెండుసార్లూ వెనక్కి పిలిచారు.

ఇవాళ పొద్దున కూడా బావ తన విద్యలన్నీ తెచ్చుకున్నాడు. ధర తను ముందు చెప్పలేదు. డైరెక్టర్ కూడా చెప్పలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నవ్వుకుంటూ నీళ్ళు తాగారు. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. మధ్యలో అక్క ఫోన్ చేసింది. వేరే క్లబ్బువాళ్ళు చేసినట్టు కనపడాలని బావ పొద్దున్నే ఆమెకి నేర్పించి వచ్చాడు.

"నమస్తే సార్, చెప్పండి," అన్నాడు బావ గంభీరంగా.

"గ్యాసు అయిపోయింది. సిలిండరుకి చెప్పారా లేదా?" అంది అక్క. పక్కనే కూర్చున్న గోడకి ఆ మాట స్పష్టంగా వినపడింది.

"తప్పకుండా సార్. మీ ఆఫర్ మా దృష్టిలో ఉంది. ఇక్కడ తేలగానే చెప్తాం."

"ఆఫరు కాదు, సిలిండరు."

"మీరు అంతగా అడుగుతుంటే కాదనలేకపోతున్నాం సార్," అని బావ ఫోన్ పెట్టేశాడు. గోడ నవ్వాపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది. డైరెక్టర్ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఇలాంటి ఫోన్లు ఆయన ఎన్ని చూశాడో.

ఆ తర్వాతే ఆయన మాటల మధ్యలో మామూలుగా, "పాత దెబ్బలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవు," అని గోడ అనేలోపు బావ అందుకున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా అలవాటు సార్. ఎడమ మోకాలు అప్పుడప్పుడూ కాస్త బిగుసుకుంటుంది. రెండడుగులు పరిగెడితే అదే సర్దుకుంటుంది. అంతకుమించి వీడి ఒంట్లో వంక పెట్టడానికేం లేదు."

గోడ నోరు తెరిచాడు. బల్ల కింద బావ బూటు అతని పాదాన్ని గట్టిగా నొక్కింది. గోడ నోరు మూసుకున్నాడు.

వసారాలోకి రాగానే నిలదీశాడు.

"నా మోకాలు ఎప్పుడు బిగుసుకుంది బావా?"

"బిగుసుకోలేదు. అందుకే చెప్పా. బండి అంతా బావుందంటే ఎవడూ నమ్మడురా. కొనేవాడు కిందా మీదా వెతుకుతాడు. అదే, ఇదిగో ఇక్కడ చిన్న సొట్ట ఉంది సార్ అని మనమే చూపించామనుకో, వీడెవడో నిజాయితీపరుడని మిగతాది కళ్ళు మూసుకుని తీసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా."

"నేను బండినా?"

"బండివైతే ఇంత తలనొప్పెందుకు? తాళం తీసిచ్చి ఇంటికెళ్ళేవాణ్ణి."

పెద్ద ఒప్పందాల గురించి తనకేం తెలుసు, బావకి తెలుసు గదా అనుకున్నాడు గోడ. అలా అనుకోవడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటు.

మూడో స్కానింగ్ కూడా అయ్యాక డాక్టరమ్మ బొమ్మలు తెరమీద పెట్టి చూపించింది. ఆమె చదువుకున్న మనిషే గానీ మాటలో డాబు లేదు. "ఇంత శుభ్రమైన మోకాలు నేను ఈ ఏడాది చూళ్ళేదు," అంది.

"మరి మూడుసార్లు ఎందుకు తీశారు మేడమ్?"

"మోకాలు బిగుసుకుంటుందని మీవాళ్ళే చెప్పారటగా. ఇంకా పరీక్ష జరుగుతోందని డైరెక్టర్ గారు మీ పాత క్లబ్బుకి చెప్పాలట. ఎంతసేపు జరిగితే అంత భయపడి ధర దించుతారని."

బయట బెంచీ మీద కూర్చుని బూట్లు కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. పాత క్లబ్బు ప్రెసిడెంటు. ఆయన ఆటగాళ్ళకి తనే ఫోన్ చేసే మనిషి కాదు.

"ఏమయ్యా, మోకాలి సంగతి మా దగ్గర దాచావా?"

"మోకాలికి ఏం లేదు సార్."

"ఏం లేకపోతే మీ బావ ఎందుకన్నాడు? అక్కడివాళ్ళు ఫోన్లో నాకు క్లాసు పీకుతున్నారు. దెబ్బతిన్న సరుకు అమ్ముతున్నామట."

గోడ చేతిలో బూటు తాడు అలాగే ఉండిపోయింది. బావ అబద్ధం చెప్పాడంటే, ఇక్కడ ఆయన పొద్దున్నుంచీ ఆడిన మాటలన్నీ అబద్ధాలే అవుతాయి, బేరం పోతుంది. బావ చెప్పింది నిజమంటే, తను దొంగ అవుతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"అది... ఎప్పుడైనా కాస్త బిగుసుకుంటుంది సార్. పెద్ద విషయం కాదని చెప్పలేదు," అన్నాడు.

"నీ మీద నాకు మంచి అభిప్రాయం ఉండేదయ్యా," అని ఆయన పెట్టేశాడు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గోడకి నమ్మబుద్ధి కాలేదు. అప్పటిదాకా సొట్ట బావ మాటల్లోనే ఉంది. ఇప్పుడు బండి కూడా ఒప్పుకుంది.

ఇంకాసేపటికి బావ మెట్లు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "దిగొచ్చాడురా మీ ప్రెసిడెంటు. వీళ్ళు అడిగిన ధరకే ఇస్తాడట. డైరెక్టర్ ఈ క్లబ్బు ఓనర్ చెవిన వేయడానికి వెళ్ళాడు. సంతకం పెట్టడమే."

గోడ ప్రెసిడెంటు ఫోన్ సంగతి చెప్పాలనుకున్నాడు. బావ మొహం చూసి ఊరుకున్నాడు. తర్వాత చెప్పొచ్చు, మొదటి మ్యాచ్ ఆడాక ఏం చెప్పినా నవ్వులాటే అవుతుంది.

ఇద్దరూ పైకి వెళ్ళి గాజుతలుపు బయట నిలబడ్డారు. లోపల డైరెక్టర్ ఫోన్లో మాట్లాడుతూ బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత చెయ్యి ఊపుతూ ఏదో వివరించాడు. తర్వాత వినడం మొదలుపెట్టాడు. తిరగడం ఆపేసి కుర్చీ వీపు పట్టుకుని వింటూనే ఉన్నాడు.

తలుపు తీసి ఆయన బయటికొచ్చాడు. పొద్దుటి నవ్వు లేదు.

"ఓనర్ వద్దంటున్నారు."

"ధర తగ్గింది కదా సార్," అన్నాడు బావ.

"అదే పట్టుకున్నారాయన. అడగ్గానే అంత తగ్గారంటే వాళ్ళకి మనకి తెలియనిదేదో తెలుసు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అంటున్నారు."

"నిప్పు లేదని మీ డాక్టరమ్మే చెప్పింది కదండీ."

"చెప్పింది. నేనూ చెప్పా. మరి ఇందాకటిదాకా మోకాలు మోకాలు అని నా ప్రాణం తీసింది నువ్వే కదా అన్నారు." డైరెక్టర్ గోడ వైపు చూడలేదు. "ధర దించడానికి అన్నానండీ అంటే, రేపట్నుంచి నేనేం చెప్పినా ఎవరు నమ్ముతారు?"

బావ అప్పుడు చెప్పేశాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఏనాడూ చెయ్యని పని అది. "సార్, ఆ మోకాలికి ఏమీ లేదు. నేను ఊరికే అన్నాను. మా దగ్గర అలా ఒక మాట అంటాం, నమ్మకం కోసం."

డైరెక్టర్ ఆయన్ని జాలిగా చూశాడు. "బేరం పోయాక అందరూ ఇదే అంటారండీ."

గోడ గబగబా కిందికి దిగి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కంప్యూటరు కట్టేస్తోంది.

"మేడమ్, నా మోకాలికి ఏం లేదని గట్టిగా రాసివ్వండి. వాళ్ళ ఓనర్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి."

"రాశాను. పంపాను. ఫోన్ కూడా చేశాను," అంది ఆమె. "ఇవాళ ఏమీ లేదని చెప్పగలను గానీ, రేపు రాదని రాసివ్వమంటే ఎలా ఇస్తాను? ఆయన అడుగుతున్నది అదే."

"రేపు రాదని ఎవరికి మాత్రం రాసివ్వగలరు?"

"ఎవరికీ ఇవ్వలేను. వేరేవాళ్ళ విషయంలో అడగరు, అంతే."

గోడ మళ్ళీ మెట్లెక్కాడు. పైకి వెళ్ళేసరికి బావ డైరెక్టర్ గదిలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ తలుపు దాటుతున్నాడు. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని అడుగడుక్కీ ఆగుతున్నాడు. ఎవరూ పిలవలేదు. గది లోపల గుమాస్తా కిటికీ తెర దించాడు. గడువు అయిపోయింది.

ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు. బావ ఫోన్ మోగితే, ఆయన బండి నడుపుతున్నాడని గోడ తీశాడు.

"సార్ నమస్తే, మేం ఇక్కడ క్లబ్బు నుంచండీ, మీ అబ్బాయి కోసం," అంది అక్క గొంతు మార్చి. పొద్దున పాఠం తప్పిందని ఈసారి బాగా తయారై చేసినట్టుంది.

"అక్కా, నేను."

"ఏరా తమ్ముడూ, అయిపోయిందా? సంతకం పెట్టావా?"

గోడ బావ వైపు చూశాడు. బావ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికొచ్చి చెప్తాంలే. సిలిండరు వచ్చిందా?"

తిట్టాలనుంది అతనికి. ఎవర్ని తిట్టాలో వెతుక్కున్నాడు. బావ తన మంచికే అన్నాడు. డైరెక్టర్ ధర దించడం ఆయన ఉద్యోగం. ప్రెసిడెంటు నమ్మింది తన మాటనే. ఓనర్ జాగ్రత్తపడ్డాడు. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే తప్పు కనపడలేదు.

"ఏదో ఒకటి అను," అన్నాడు బావ.

"ఏమనాలి బావా?"

"నాకు తెలిస్తే నేనే అనుకునేవాణ్ణి."

మర్నాడు పొద్దున గోడ పాత క్లబ్బు మైదానానికి వెళ్ళాడు. ఖాళీ చేసిన అలమరలో వేరేవాళ్ళ తువ్వాళ్ళున్నాయి. సంచి కింద పెట్టుకున్నాడు. అందరూ మంచిగానే పలకరించారు. ఆ మంచితనమే భరించలేకపోయాడు. ఒకడు కుర్చీ జరిపాడు. మెట్ల దగ్గర ఇంకొకడు, "చూసుకుని అన్నా," అన్నాడు.

కోచ్ గదిలోకి పిలిచాడు. "ముందే చెప్పుంటే నిన్ను ఇంకాస్త జాగ్రత్తగా వాడుకునేవాణ్ణి కదా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో. టీమ్‌తో ప్రాక్టీసు వద్దు."

"నా మోకాలు బాగుంది కోచ్."

"మోకాలు నొప్పి ఉన్న ప్రతివాడూ అదే అంటాడు నాయనా. ఆడాలనే ఆశ అలాంటిది. నేనూ ఆడినవాణ్ణే."

"ఒక్కసారి పరిగెత్తి చూపిస్తాను. మీరే చూడండి."

కోచ్ కాదనలేకపోయాడు. గోడ గీత దగ్గర నిలబడ్డాడు. ప్రాక్టీసు ఆపి అందరూ పక్కకి జరిగారు. ఎవరో సరదాకి బంతిని అతని ముందుకి తన్నారు. అతను పరుగు తీశాడు. ఏడాదిగా దాచుకున్న బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని పరిగెత్తాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. మోకాలు చక్కగా వంగి, చక్కగా చాపుకుని, చెప్పిన మాట విన్నది.

సగం మైదానం దాటాక చుట్టూ చూశాడు. బంతిని ఎవరూ చూడటం లేదు. కోచ్, ఫిజియో, గేటు దగ్గర కాపలావాడు, అందరి కళ్ళూ ఒకే చోట ఉన్నాయి. ఎక్కడా అని తనూ తల వంచి మోకాలి వైపు చూసుకున్నాడు. చూసుకోవడానికి అడుగు నెమ్మదించింది.

"చాలు, చాలు, ఆగు," అని అరిచాడు కోచ్ ప్రేమగా. "అదిగో, అక్కడే పట్టేసింది. నే చెప్పలా?"