టమాటా మడికి గడ్డి దుప్పటి

పార్కులో మిషనుతో కోసిన గడ్డిని కోడలు రెండు సంచుల నిండా మోసుకొచ్చేసరికి, అత్తగారు మనవణ్ణి ఒళ్ళో వేసుకుని గుమ్మంలోనే కూర్చున్నారు.

“గడ్డి వచ్చింది, సరే. ఆవు ఎప్పుడొస్తుందమ్మా?”

“టమాటా మొక్కలకు అత్తయ్యా. మొదళ్ళ చుట్టూ పరిస్తే మట్టిలో తడి ఆరదు. మెల్లగా కుళ్ళి అదే ఎరువవుతుంది.”

“ఓహో, భోజనమూ అదే, దుప్పటీ అదే. నా మోకాళ్ళకు కూడా ఇంత కట్టరాదూ?”

కోడలు నవ్వలేదు. ఆమె ప్రాణమంతా ఆ నాలుగు మొక్కల మీదే ఉంది. పెరట్లో మిగిలిన ఆ కాస్త మట్టి మీద మొగుడి కన్ను పడింది. గచ్చు చేయించి కొత్త బండి నిలబెట్టుకుంటాడట. వచ్చే వారమంతా ఇంటికి తాళం వేసి అందరూ ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఉండాలి, మొక్కలకు నీళ్ళు పోసే దిక్కుండదు. తిరిగొచ్చేసరికి ఒక్క మొక్క బతికున్నా బండి వీధిలోనే పెడతానని దానకర్ణుడిలా మాటిచ్చాడు.

ఆ దిగులుతో ఆమె పచ్చిగడ్డినంతా మొక్కల మెడదాకా కుక్కింది. మర్నాడు చెయ్యి పెడితే లోపల ఆవిరి. ఒక మొక్క కాండం మెత్తబడి వాలిపోయింది.

“పిల్లాడు ఒక్కసారి తుమ్మితే మూడు స్వెట్టర్లు తొడిగే చెయ్యి కదా,” అన్నారు అత్తగారు.

కోడలు గడ్డినంతా తీసి డాబా మీద ఎండబెట్టింది. మట్టిని బాగా తడిపి, ఈసారి కాండాలకు తగలకుండా పలచగా పరిచింది. బయల్దేరిన రోజు వీధి మలుపు తిరిగేదాకా పెరటివైపే చూస్తుంటే, అత్తగారు పిల్లాణ్ణి భుజం మార్చుకుని, “వీడూ నీవాడేనమ్మా, అప్పుడప్పుడూ చూస్తుండు,” అన్నారు.

వారం తర్వాత తాళం తీసీ తీయకముందే మొగుడు కొలతల టేపుతో పెరట్లోకి నడిచాడు. మూడు మొక్కలూ నిలబడే ఉన్నాయి. కింది ఆకులు వడలాయి గానీ, ఒకదానికి పూత కూడా వచ్చింది.

“ఎవరో గోడ దూకి నీళ్ళు పోశారు,” అన్నాడు.

ఆమె ఒకచోట గడ్డి పక్కకు తీసింది. “వేలు పెట్టి చూడండి.”

పెట్టాడు. వేలికి తడిమట్టి అంటింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకుని తల్లివైపు తిరిగాడు.

“వీధిలో పెడితే కొత్త బండి ఎండకు ఏమైపోవాలమ్మా?”

“దానికెందుకురా అంత దిగులు. సంచిలో ఇంకాస్త గడ్డి మిగిలింది, దానికీ కప్పు.”